వెల్లుల్లి వెయ్యని రోజు

మా ఆయన నా వంటను మెచ్చుకోవడం మొదలుపెట్టిన మూడో నెలలో వానలొచ్చాయి.

పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆయన నోట "బాగుంది" అన్న మాట నేను విని ఎరగను. "ఉప్పు రవ్వంత వెనకబడింది", "ఉల్లిపాయ ఇంకో నిమిషం వేగాల్సింది", "ఈ కూర నిన్నటిది కదూ", ఇవే నాకు దక్కిన బిరుదులు. ఆయన ఉద్యోగం అలాంటిది. పేపర్లో ప్రతి శనివారం 'ఓ గిన్నెడు కబుర్లు' అని రాసేవాడు. పెద్ద హోటళ్ళ జోలికి పోడు. తూర్పు దేశాల నూడుల్స్ అమ్మే బళ్ళూ, నాలుగు బల్లలు వేసుకున్న ఇరుకు కొట్లూ వెతుక్కుంటూ వెళ్ళి, తిని, తిన్నది తిన్నట్టు రాసేవాడు. బయట అంత పదునుగా ఉండే ముక్కుని ఇంటికొచ్చి చిలక్కొయ్యకి తగిలించలేడు కదా!

అలాంటి మనిషి ఆ వేసవిలో వారం రోజులు జ్వరపడి లేచాక మారిపోయాడు. ఏది పెట్టినా "అబ్బ!" అనేవాడు. ఒకరోజు చిక్కుళ్ళు అడుగంటితే భయపడుతూ వడ్డించాను. "ఇవాళ చెయ్యి తిరిగిందే నీకు" అన్నాడు.

"జ్వరం నాన్నకి బుద్ధి నేర్పిందే అమ్మా" అంది మా అమ్మాయి. అది కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో ఎవరినీ వదిలిపెట్టదు.

నేను నవ్వాను గానీ లోపల మహా పొంగిపోయాను. పొద్దున్నే అరగంట ముందు లేచి రెండు కూరలు చెయ్యడం మొదలుపెట్టాను. మెచ్చుకునే మనిషి ఉంటే చేతికి అలుపు తెలియదు.

నేను కళ్ళద్దాల కొట్లో పనిచేస్తాను. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. వానలు మొదలైన మొదటి వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషను ఆగిపోతే నేనూ ఆగిపోయినట్టే. మూడు దాకా చూసి "ఇక వెళ్ళమ్మా" అన్నాడు యజమాని. ఒక చేత్తో గొడుగూ ఒక చేత్తో చెప్పులూ పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ ఇంటికొచ్చి తలుపు తోశాను.

గడపలోనే గుప్పుమని కొట్టింది. గ్యాసు. కళ్ళు మండేంత గ్యాసు.

వంటింట్లో పాలు పొంగి, మంటని ఆర్పేసి, గట్టు మీంచి కారి, కింద మడుగు కట్టాయి. ఆ పొయ్యికి నాలుగడుగుల దూరంలో బల్ల ముందు కూర్చుని మా ఆయన రాసుకుంటున్నాడు. మబ్బుకి ఇల్లంతా చీకటిగా ఉంది. ఆయన ఎడమ చేతిలో కొవ్వొత్తి. కుడి చేతిలో అగ్గిపెట్టె.

"ఇవాళ పెందరాళే వచ్చావే!" అన్నాడు నవ్వుతూ. అగ్గిపుల్ల బయటికి తీశాడు.

నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. ఆయన మణికట్టు మీద నా గోళ్ళ గాట్లు మాత్రం రెండు వారాలున్నాయి. అగ్గిపెట్టె లాక్కుని కిటికీలోంచి వానలోకి విసిరేశాను. సిలిండర్ కట్టేసి, ఉన్న తలుపులన్నీ తెరిచి, ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాను. మెట్ల కింద, సగం తడుస్తూ నిలబడ్డాం.

"ఏమైందే? ఏమైంది?" అన్నాడు.

"గ్యాసండీ! ఇల్లంతా గ్యాసు!"

"ఎక్కడ?" అన్నాడు.

ఆ మాట అడిగినప్పుడు ఆయన మొహం చూశాను. నిజంగానే అడుగుతున్నాడు.

వాన జోరు తగ్గింది. తర్వాత ఆయనే, గోడకేసి చూస్తూ చెప్పాడు. "జ్వరం తగ్గినప్పట్నుంచీ ఏ వాసనా రావట్లేదు."

"ఏ వాసనా అంటే?"

"ఏదీ. సబ్బు లేదు, మురిక్కాలవ లేదు. నువ్వూ లేవు." ఆగి అన్నాడు. "ఉప్పు తెలుస్తుంది. పులుపు తెలుస్తుంది. కారం మండుతుంది. మిగతాదంతా తడి కాగితం నమిలినట్టుంటుంది."

నా బుర్ర ఎక్కడికి పరిగెత్తిందో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. చావు తప్పి కన్ను లొట్టపోయిన నిమిషంలో మనిషి దేని గురించి ఆలోచించాలి? నేను చిక్కుళ్ళ గురించి ఆలోచించాను.

"మరి నా వంట? అబ్బ అన్నారు, చెయ్యి తిరిగిందన్నారు!"

ఆయన తల దించుకున్నాడు. "తప్పు పట్టడానికి నాకు తెలిస్తే కదా. ఏమీ అనకపోతే నీకు అనుమానమొస్తుందని..."

ఇరవై రెండేళ్ళకి దక్కిన మెచ్చుకోలు. ఇల్లు పేలనందుకు దణ్ణం పెట్టుకోవాలో, ఆ మాటకి నెత్తి బాదుకోవాలో తెలియక వానలో నిలబడి ఏడ్చాను. గ్యాసుకి భయపడి ఏడుస్తున్నాననుకుని ఆయన నా వీపు నిమిరాడు.

డాక్టరు ముక్కులోకి దీపం వేసి చూసి, జ్వరానికి వాసన నరం దెబ్బతిందన్నాడు. రావచ్చు, రాకపోవచ్చు, ఏడాది పట్టొచ్చు, మందు లేదు. అంతే. ఇంటికొచ్చాక అసలు సంగతి అడిగాను.

"మరి మూడు నెలలుగా పేపర్లో రాస్తున్నవి?"

"పక్కవాళ్ళ మొహాలు చూసి రాశాను" అన్నాడు. "ఎవరు కళ్ళు మూసుకున్నారు, ఎవరు ఆఖరి చుక్కదాకా గిన్నె ఎత్తి తాగారు, ఎవరు సగంలో వదిలేశారు. పాత జ్ఞాపకాలు కొన్ని కలిపాను."

"అన్యాయం కాదూ?"

"అన్యాయమే. కానీ నా మొత్తం రాతల్లో ఈ మూడు నెలలవే బావున్నాయని ఉత్తరాలొస్తున్నాయి. ఏం చెయ్యమంటావ్?"

ఆ తర్వాత ఆయనే అడిగాడు. "నువ్వు నాతో రా. నువ్వు తిను. నాకు చెప్పు. నేను రాస్తాను. అబద్ధమైతే ఉండదు కదా."

అలా ఆ వానాకాలం నేను ఆయనకి నాలుకనయ్యాను.

మొదట వెళ్ళింది చెప్పులు కుట్టే కొట్టు మీద మేడగదిలో ఉన్న హోటలుకి. ఇద్దరు అన్నదమ్ములు నడుపుతున్నారు. మెట్లెక్కుతుంటే తోలు వాసన, గదిలోకి అడుగుపెట్టగానే నువ్వుల వాసన. వెంట్రుకల్లా సన్నటి నూడుల్స్‌ని చల్లటి సూపులో ఉండచుట్టి, పైన దోసకాయ తరుగు పేర్చి తెచ్చాడు తమ్ముడు. తిన్నాను.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన, బల్ల కింద మోకాలి మీద నోటుపుస్తకం పెట్టుకుని.

"బాగుంది."

"బాగుంది అంటే మొహం మీద తలుపేసినట్టు. లోపలేముందో చెప్పు."

"చల్లగా ఉంది."

"చల్లదనం నాకూ తెలుసు. నాకు తెలియనిది చెప్పు."

విసుగొచ్చింది. అప్పుడు మా కొట్లో కళ్ళ పరీక్ష గుర్తొచ్చింది. వచ్చినవాళ్ళని ఎలా కనిపిస్తోందని అడగం. అలా అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు. ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసి, "ఇదా, అదా?" అంటాం. "అలా అడగండి" అన్నాను. ఆయన అడిగాడు. పచ్చి నువ్వులా, వేయించినవా? వేయించినవే. ముందొచ్చాయా, వెనకా? వెనక. మరి ముందు? కళ్ళు మూసుకున్నాను. కొత్త ఇటుక మీద నీళ్ళు పోస్తే వచ్చే వాసన. అది పోయాక నువ్వులు. అన్నీ అయిపోయాక, ఎవరో పక్కగదిలో దోసకాయ కోస్తున్నట్టు.

కళ్ళు తెరిచేసరికి ఆయన పెన్ను ఆపేసి నన్నే చూస్తున్నాడు.

"ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడ దాచావే?" అన్నాడు.

"మీరు అడిగారా?" అన్నాను.

ఆ తర్వాత చేపల మార్కెట్ మూల మీద ఒక ఇనప మూకుడు మనిషి. వేలెడు వెడల్పున్న నూడుల్స్‌ని గాల్లోకి ఎగరేస్తే మంట మూకుడులోకి దూకి వాటితోబాటు పైకి లేచేది. ఆ పొగవాసన ఎలా ఉందో చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఇంకోచోట పుల్లటి సూపు తాగి పొలమారి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఆయన "ఏ పులుపు? నిమ్మా, చింతా, పులిసిన ముల్లంగా?" అని వీపు తట్టుతూ అడిగాడు. పక్క బల్లవాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళనుకుని ఉంటారు. పెళ్ళైన కొత్తలో కూడా మేం అంతగా తిరగలేదు. నాకు కోపం పోలేదు గానీ, దాన్ని గుర్తుంచుకోవడం మాత్రం మర్చిపోతూ వచ్చాను.

ఆ నెలాఖరున ఒక ఆదివారం పగటిపూట, బస్సు డిపో వెనక గోడకి ఆనుకుని ఉన్న బడ్డీకి తీసుకెళ్ళాడు. నీలం పట్టా కింద నాలుగు బెంచీలు. బొగ్గుల పొయ్యి మీద పెద్ద డేగిసా. దాని వెనక అరవై దాటిన ఒకావిడ. ఎప్పుడూ ఆవిరిలోనే ఉంటుంది కాబట్టి డ్రైవర్లంతా ఆవిరి పిన్ని అనేవాళ్ళు. పిండిముద్దని రెండు చేతులతో సాగదీసి, మెలితిప్పి, మళ్ళీ సాగదీస్తే కళ్ళముందే ముద్ద దారాలయ్యేది. గ్యాసు సంగతి బయటపడడానికి కొద్దిరోజుల ముందు, ముక్కు పోయాకే, ఆయన ఈ కొట్టు గురించి రాశాడు. అది చదివి జనం విరగబడి వచ్చారని చెప్పుకునేవాళ్ళు. నాకు చూపించాలని ఆయన సరదా.

పిన్ని నాకో గిన్నె, ఆయనకో గిన్నె పెట్టింది. వాన పడుతోంది కాబట్టి జనం పల్చగా ఉన్నారు. చేతులు తుడుచుకుని మా ఎదురు బెంచీ మీద కూర్చుంది.

"బాబూ, పేపర్లో నా కొట్టు గురించి రాసింది మీరే కదూ?"

మా ఆయన ఉలిక్కిపడ్డాడు. ఎక్కడా తానెవరో చెప్పుకునేవాడు కాదు. "ఎలా తెలిసింది పిన్నీ?"

"మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాస్తారు. బల్ల కింద దాస్తే ఎవరికీ కనపడదనుకున్నారు. నేను వంగి బొగ్గులు ఎగదోసేది ఆ వైపు నుంచే."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. వేయించిన వెల్లుల్లి పరిమళం గిన్నె దాటి రోడ్డుదాకా వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిందని రాశారు."

"అవును" అన్నాడాయన.

"మీరొచ్చి తిన్న రోజు వెల్లుల్లి వెయ్యలేదు బాబూ. పొద్దున మాడిపోతే మొత్తం పారబోశాను. ఇంకోసారి వేయించే తీరిక లేకపోయింది. ఆ రోజు నాకు బాగా గుర్తు, అడిగినవాళ్ళందరికీ ఇవాళ లేదని చెప్పుకుంటూ కూర్చున్నాను."

పట్టా మీద వాన చప్పుడు. ఆయన నూడుల్స్ తినే పుల్లలు బల్ల మీద పెట్టేశాడు.

"తప్పు పట్టాలని అడగట్లేదు" అంది పిన్ని. "పేపర్లో అచ్చైంది కదా, అచ్చైంది అబద్ధమెందుకవుతుంది? నేనే ఎక్కడో పొరబడ్డాననుకున్నాను. వేశానేమో, వేసి మర్చిపోయానేమో. లేకపోతే అంత వాసన వస్తుంటే నాకే తెలియట్లేదేమో. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాను. ముసలిదాన్నయ్యాను, ముక్కు చచ్చిపోయిందనుకున్నాను. నెల్లాళ్ళ నుంచీ ప్రతి డేగిసా పక్క బండాయనకి వాసన చూపించి, ఆయన ఊ అన్నాకే గిన్నెలో పోస్తున్నాను. వానలు వెళ్ళాక కొట్టు మూసేద్దామనుకుంటున్నా. అందుకని, మీరొస్తే ఒక్కసారి అడిగి తెలుసుకుందామని..."

నా నోట్లో నూడుల్స్ అలాగే ఉండిపోయాయి. అంతవరకూ ఆయన చేసింది ఒక చిన్న మోసమనీ, దాని నష్టమంతా నాకే జరిగిందనీ అనుకుంటున్నాను. ఈ బొగ్గుల పొయ్యి వెనక ఒకావిడ తన ముక్కుని తానే నమ్మడం మానేసి నెల్లాళ్ళైందని నాకేం తెలుసు? అయినా పెళ్ళాన్ని కదా, మొగుడి పరువు కాపాడాలని నోరు తెరిచాను. "అది అచ్చుతప్పై ఉంటుంది పిన్నీ, ఇంకో కొట్టు గురించి..."

ఆయన బల్ల మీద నా చెయ్యి నొక్కాడు.

"పోయింది మీ ముక్కు కాదు పిన్నీ" అన్నాడు. "నాది."

పిన్ని ఆయన వంక చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, డేగిసా మూత తీసి, వంగి, ఆవిరిలో మొహం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది. ఒకసారి. ఇంకోసారి. తర్వాత అటు తిరిగే కొంగుతో మొహం తుడుచుకుంది.

"చల్లారిపోతోంది, తినండి" అంది.

ఇంటికెళ్ళగానే ఆయన రాయడానికి కూర్చున్నాడు. జ్వరం దగ్గర్నుంచి వెల్లుల్లి దాకా మొత్తం. నేను అడ్డం పడ్డాను.

"పిన్నికి చెప్పేశారు, ఆవిడ మనసు కుదుటపడింది. ఇంకా ఊరందరికీ ఎందుకు?"

"ఊరందరికీ అబద్ధం చెప్పాను కాబట్టి."

"ఉద్యోగం పోతుందండీ!"

"పోనీ అమ్మా, రాయనీ" అంది మా అమ్మాయి. వాళ్ళ నాన్న పక్కనే నిలబడి కాగితం మీదకి వంగి చదువుతోంది. "నాన్న మారిపోయి మంచోడయ్యాడని మనం మూడు నెలలు సంబరపడ్డాం. నాకైతే ఆ పాత సణుగుడు మనిషే నయం."

పేపరు ఎడిటర్ ఫోన్ చేశాడు. ఆయన గొంతు నాకు కూడా వినిపిస్తూనే ఉంది. "ఇది అచ్చేస్తే నువ్విక రాయలేవయ్యా."

"అచ్చెయ్యకపోయినా రాయలేను సార్" అన్నాడు మా ఆయన.

శనివారం అచ్చైంది. పొద్దున ఏడింటికే ఫోన్లు మొదలయ్యాయి. ఇనప మూకుడు మనిషి మా ఇల్లు కనుక్కుని వచ్చి, అద్దం కట్టించి పెట్టుకున్న పేపరు ముక్కని అద్దంతో సహా మా గడప ముందు పడేసి ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. గాజుపెంకులు నేనే ఎత్తాను. చల్లని నూడుల్స్ అన్నదమ్ముల్లో పెద్దవాడు ఫోన్ చేసి, ఏడుపు గొంతుతో "అయితే మావి నిజంగా బాగుండలేదా సార్?" అని అడిగాడు. ఆయన చేతిలోంచి ఫోన్ నేను తీసుకున్నాను. "బాగున్నాయి బాబూ. అవి తిన్నది నేను" అన్నాను. "ఇటుక వాసన?" అన్నాడు. "అది కూడా నాదే." అతను నమ్మాడో లేదో తెలియదు.

'ఓ గిన్నెడు కబుర్లు' ఆగిపోయింది. ఆయన్ని తీసెయ్యలేదు, వాతావరణం, రైళ్ళ వేళలు చూసే బల్లకి మార్చారు. "వానకి ముక్కుతో పనిలేదులే" అని నవ్వబోయాడు గానీ కుదరలేదు. ఇంట్లో తలవంచుకుని తిని లేచేవాడు. ఆ మౌనం నేను భరించలేకపోయేదాన్ని.

"పోనీ, అబద్ధమైనా ఏదో ఒకటి చెప్పండి" అన్నాను ఒకరోజు.

"అవి అయిపోయాయి" అన్నాడు.

ఆదివారాలు మాత్రం పిన్ని కొట్టుకి వెళ్ళేవాళ్ళం. రమ్మని ఆవిడే డిపో డ్రైవరొకతని చేత కబురు పెట్టింది. కొట్టు మూసే మాట మళ్ళీ ఎత్తలేదు. పక్క బండాయన కూడా ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి, "నా ముక్కుకి సెలవిచ్చేశారు" అని వేళాకోళం చేసేవాడు. మా ఆయనకి నూడుల్స్ సాగుడూ జారుడూ తెలుస్తాయి కదా, పిన్ని ఆయన కోసం పిండి ఇంకో రెండు సార్లు ఎక్కువ సాగదీసేది. తిన్నాక పళ్ళకి ఎలా తగిలిందో చెప్పమనేది. ఆయన నిజమే చెప్పేవాడు. "ఇవాళ మెత్తబడ్డాయి పిన్నీ" అంటే ఆవిడ తలూపి, మరుసటి వారం సరిచేసేది.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక ఆదివారం. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. పిన్ని గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఎప్పట్లాగే గిన్నె ఎత్తాడు. పెదాల దాకా వచ్చింది. గబుక్కున దింపేశాడు, సూపు సగం బల్ల మీద ఒలికింది.

"ఛీ! ఏంటీ కంపు!"

గట్టిగా అనేశాడు. బెంచీల మీద నవ్వులు ఆగిపోయాయి. పుల్లలు గాల్లోనే నిలిచిపోయాయి. ఆవిడకి చేసింది చాలదన్నట్టు, పదిమందిలో ఇదొకటి! సిగ్గుతో చచ్చిపోయాను. గిన్నె లాక్కుని వాసన చూశాను. ఏ కంపూ లేదు. ఉల్లికాడలు, మిరియాలు, వేడి. ఒక గుక్క తాగాను. ఎప్పటిలాగే ఉంది.

"ఏమీ లేదండీ. బానే ఉంది" అన్నాను మెల్లగా.

"కాదే, గుడ్డ కాలినట్టుంది. నీకు తెలియట్లేదా? ఇంత కంపు కొడుతుంటే..."

అని ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పోయిన వాసన తిరిగొచ్చేటప్పుడు ముందు ఇలా తప్పుగానే వస్తుందని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ నిమిషాన మాకు ఆ సంగతేమీ తెలియదు.

పిన్ని గరిటె పట్టుకుని ఆవిరిలోంచి బయటికొచ్చింది. అందరూ ఆవిడనే చూస్తున్నారు. వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఏమన్నారు?"

"గుడ్డ... కాలిన గుడ్డ కంపు పిన్నీ" అన్నాడాయన.

"ఇంకా?"

ఆయన వంగి మళ్ళీ పీల్చాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "అడుగున ఏదో ఉంది. కుళ్ళిన ఉల్లిపాయలా. తుప్పు పట్టిన ఇనుములా."

పిన్ని గరిటెడు సూపు ఆ గిన్నెలో నిండుగా పోసింది. ఆవిరి ఆయన మొహం నిండా కమ్ముకుంది.

"తిట్టు బాబూ" అంది. "ఇంకా తిట్టు."